టెన్షన్ అని సరిపెట్టుకోకండి: తాగుడు మానాక మనసు మెలిపెట్టినప్పుడు ఏం చేయాలి

మాది నాయుడుపేట దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లుగా మద్రాసులో ఏసీ మెకానిక్‌గా పని చేస్తున్నాను, విల్లివాక్కంలో కాపురం. తాగుడు మానేసి నాలుగున్నరేళ్లయింది. ఏడో నెలలో ఒకసారి జారాను, ఆ సంగతి తర్వాత చెప్తాను. కొత్తగా మానినవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ నన్ను అడిగేది ఒకటే: "షాపు వైపు పోకుండా ఉంటే చాలు కదన్నా?" చాలదు. షాపు ఒక వీధిలో ఉంటుంది, పక్క వీధిలోంచి పోతే సరి. లోపల లేచేది మాత్రం ఏ వీధిలోకి పోయినా మనతోనే వస్తుంది.

అసలు విషయంలోకి పోయేముందు ఒక జాగ్రత్త. ఇదంతా మానేసిన తర్వాతి సంగతి. రోజూ బాగా తాగేవాళ్లు ఇది చదివి రేపటినుంచి ఇంట్లోనే ఒక్కసారిగా ఆపేయకండి. మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్, లేనివి కనబడటం వినబడటం రావచ్చు. ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఆసుపత్రిలో అయితే మందులిచ్చి, బీ1 విటమిన్ ఎక్కించి చూసుకుంటారు. చెన్నైలో కీల్పాక్‌లో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఇందిరా నగర్‌లో టీటీకే ఆసుపత్రి ఉంది. శాంతి రంగనాథన్ గారు తాగుడు వల్ల భర్తను పోగొట్టుకుని, 1980లో దాన్ని మొదలుపెట్టారు. ఫోన్లో తెలుగులోనే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. మత్తు అలవాట్ల కోసమే ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఈ రెండూ ఫోన్లో ఇప్పుడే సేవ్ చేసుకోండి. అవసరం వచ్చినప్పుడు వెతికే ఓపిక ఉండదు.

ముందు దాని పేరేంటో చూడండి

ఆసుపత్రి నుంచి వచ్చాక వారానికోసారి కౌన్సెలింగ్‌కి వెళ్లేవాణ్ణి. కౌన్సెలర్ తమిళావిడ. "తాగాలనిపించేముందు మీకు ఏమనిపించింది?" అని అడిగేది. "టెన్షన్ మేడమ్" అనేవాణ్ణి. కస్టమర్ అరిచినా టెన్షనే. మా ఆవిడ పుట్టింటికి పోయినా టెన్షనే. పాప ఫీజు కట్టాల్సి వచ్చినా అదే మాట. నాలుగో వారమో అయిదో వారమో ఆవిడ పెన్ను కింద పెట్టి, "మీ ఇంటి భాషలో చెప్పండి, నాకు అర్థం కాకపోయినా పర్వాలేదు" అంది.

అంతకు రెండు రోజుల ముందు ఒక ఫ్లాట్‌లో గ్యాస్ నింపి దిగుతుంటే, ఇంటాయన పది మంది ముందు "సగమే నింపావు, గ్యాస్ దొంగవి" అన్నాడు. నేను గేజ్ చూపించి మరీ నింపాను. అయినా నోరు పెగల్లేదు. స్పానర్ పట్టుకున్న చేయి వణికింది, కళ్లలో నీళ్లు. దాన్ని తెలుగులో ఏమంటారని ఆలోచిస్తుంటే మా అవ్వ మాట గుర్తొచ్చింది. ఉక్రోషం. ఆ మాట నోటితో అని ఎన్నేళ్లయిందో! పొద్దస్తమానం తమిళంలో బతికేవాణ్ణి, ఇంట్లో మాట్లాడే తెలుగేమో కూరగాయలకీ కరెంటు బిల్లుకీ సరిపోయేది.

ఆ రోజు నాకు ఒకటి తట్టింది. ఉక్రోషం కోపం కాదు. కోపమైతే ఒకటి తిరిగి అనేవాణ్ణి. ఎదురు చెప్పే వీల్లేక లోపలే ఉడికేది ఉక్రోషం. దిగులు వేరు, దానికి కారణం అడిగితే చెప్పలేం, పొద్దుగూకే వేళకి వచ్చి కూర్చుంటుంది. బెంగ వేరు, అది ఒక మనిషి కోసమో ఊరి కోసమో. విసుగు వేరు. నాతోపాటు హెల్పర్‌గా చేరినవాడు సొంత షాపు పెట్టి ఇద్దరు కుర్రాళ్లని పనిలో పెట్టుకుంటే నాలో లేచింది కుళ్లు. దాన్ని కూడా టెన్షన్ అనే చెప్పుకుని ఒక క్వార్టర్ వేశాను.

మా పనిలో "ఏసీ చల్లబడట్లేదు" అనేది కస్టమర్ చెప్పే కంప్లయింట్, అంతే. జబ్బు అది కాదు. ఫిల్టర్‌కి దుమ్ము పట్టి ఉండొచ్చు, కెపాసిటర్ పోయి ఉండొచ్చు, పైపు లీకయి ఉండొచ్చు, ఒక్కోసారి పిల్లలు తలుపు తీసి పెట్టి ఉంటారు. చూడకుండా అన్నిటికీ గ్యాస్ నింపేవాణ్ణి మెకానిక్ అనరు. నేను పదిహేనేళ్లు నా మనసుకి అదే చేశాను.

పేరు తెలిస్తే మందు మారుతుంది. ఉక్రోషానికి నాకు పనికొచ్చేది, నన్ను నమ్మే మనిషికి జరిగింది జరిగినట్టు చెప్పడం. సలహా అక్కర్లేదు, "నువ్వలాంటోడివి కాదులే" అన్న ఒక్క మాట చాలు. బెంగకి ఆ మనిషికే ఫోన్ చేయాలి. అమ్మ మీద బెంగ పెట్టుకుని ఫ్రెండుతో గంట మాట్లాడితే తగ్గదు. దిగులుకి కూర్చోవడం పనికిరాదు, స్నానం చేసి చొక్కా మార్చుకుని జనంలో నడవాలి. విసుగుకి చేతి పని ఉండాలి, నేను ఇంట్లో పాత ఫ్యాన్ విప్పుతాను. కుళ్లుకి మాత్రం నాకింకా సరైన మందు దొరకలేదు. ఉందని ఒప్పుకుంటే సగం తగ్గుతుంది, మిగతా సగంతో పడుకుంటాను.

మీ మాటలు మీవి. మా నెల్లూరు మాట మీకు నప్పకపోతే మీ అమ్మమ్మ మాట తెచ్చుకోండి. తెలుగులో వీటికి మాటలకేం కరువు లేదు.

కంప్రెసర్ ఆగినట్టు ఆగండి

కరెంటు పోయి వచ్చాక ఏసీ వెంటనే చల్లగాలి ఇవ్వదు. ఫ్యాన్ తిరుగుతుంది, కంప్రెసర్ మాత్రం మూడు నిమిషాలు ఆగుతుంది. రిపేరు వచ్చిందనుకుని ఎండాకాలంలో రోజుకి ఇద్దరైనా నాకు ఫోన్ చేస్తారు. రిపేరు కాదు. లోపల ఒకవైపు ప్రెషర్ ఎక్కువగా, ఇంకోవైపు తక్కువగా ఉంటుంది. రెండూ సర్దుకోకముందే లేపితే కంప్రెసర్ తిరగలేదు. కరెంటు విపరీతంగా లాగి ట్రిప్ అవుతుంది. రోజూ అలా చేస్తే ఒకరోజు కాలిపోతుంది. అందుకే ఆ ఆగుడు ముందే పెట్టి ఉంటుంది.

మనసు భగ్గుమన్నప్పుడు నేనూ ఆ మూడు నిమిషాలూ ఆగుతాను. ఈలోపు ఏ నిర్ణయమూ లేదు, ఎవరికీ మెసేజ్ లేదు, జవాబు లేదు. చేసేవి రెండే. ఒకటి, ఉన్న చోటు నుంచి కదలడం. మేడ మెట్లయినా సరే, బాత్రూమైనా సరే. రెండు, మొహం మీద చల్లటి నీళ్లు గట్టిగా కొట్టుకోవడం. చల్లని నీళ్లు మొహానికి తగిలితే గుండె వేగం తగ్గడం మన ఒంటికి పుట్టుకతో వచ్చిన గుణం. తర్వాత ఊపిరి తీసుకున్నదానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండేలా పది సార్లు. దేవుడి బొమ్మ ముందు కూర్చుంటారో, బండి మీద కూర్చుంటారో మీ ఇష్టం.

మూడు నిమిషాలకి కోపం దిగుతుంది. తాగాలన్న కోరిక దిగదు, దానికి ఇంకాస్త సమయం కావాలి. ఈ అలవాట్ల మీద చాలా పని చేసిన అలన్ మార్లట్ అనే అమెరికా సైకాలజిస్టు చెప్పిందాని ప్రకారం, కోరిక దానంతట అదే పెరుగుతుంది, ఒక ఎత్తుకి పోతుంది, మనం ఏమీ చేయకపోయినా దిగుతుంది. చాలాసార్లు అరగంటలోపే. ఆయన దాన్ని సముద్రపు అల మీద పలకేసుకుని నిలబడటంతో పోల్చాడు. నేను మెరీనాలో అలల్ని చూశానే గానీ పలకెక్కలేదు, అందుకని గేజ్ ముల్లు అనుకుంటాను. గ్యాస్ నింపేటప్పుడు ముల్లుని తిట్టం, చూస్తాం. కోరిక ఒంట్లో ఎక్కడుందో చూస్తాను. నాకు దవడ కింద, గొంతు పక్కన లాగుతుంది. పదికి ఎంత అని అయిదు నిమిషాలకోసారి మనసులో చదువుకుంటాను. ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది, ఏడు, నాలుగు. ఆ తొమ్మిది దగ్గర చాలామంది ఓడిపోతారు, ఇక ఇది పెరుగుతూనే పోతుందనుకుంటారు. నేనూ అనుకున్నాను. పెరగదు.

జేబులో అయిదొందల నోటుంటే ఈ అరగంట గడవడం చాలా కష్టం. మొదటి ఏడాది నా పనికి డబ్బులన్నీ మా ఆవిడ క్యూఆర్ కోడ్‌కే వచ్చేవి. టిప్పు కూడా స్కాన్ చేయమనేవాణ్ణి. కొందరు నవ్వారు, కొందరు టిప్పే ఇవ్వలేదు. పోతే పోయింది.

ఫోన్ చేసే విషయంలో ఒక మాట. మొదట్లో నేను తాగుడు మానినవాళ్లం కలుసుకునే మీటింగులోని ఒక అన్నకి ఫోన్ చేసి "ఏం చేస్తున్నావన్నా, భోంచేశావా" అని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాణ్ణి. అసలు మాట చెప్పేవాణ్ణే కాదు. ఇప్పుడు మొదటి మాట ముందే తయారు చేసి పెట్టుకున్నాను: "అన్నా, నాకు ఇప్పుడు తాగాలనిపిస్తోంది, ఇరవై నిమిషాలు లైన్లో ఉండు." సిగ్గేస్తుంది. ఆ వాక్యాన్ని మామూలుగా ఉన్న రోజున రెండుసార్లు పైకి అని చూసుకోండి, అవసరం వచ్చిన రోజు నోరు తిరుగుతుంది. ఒక్క నంబరు సరిపోదు, మూడు ఉండాలి. మొదటివాడు ఎప్పుడూ ఎత్తడు.

సాయంత్రం నాలుగున్నర

మాకు జాబ్ కార్డ్ ఉంటుంది: టైము, ఇల్లు, కంప్లయింట్, ఏం చేశాం. అలాంటి ఖాళీ కార్డుల వెనకే నేను కోరిక వచ్చిన ప్రతిసారీ రాశాను. టైము, ఎక్కడ, ఎవరున్నారు, లోపల ఏముంది, పదికి ఎంత. పదిహేను రోజుల్లో పదకొండు కార్డులయ్యాయి. చూస్తే ఎనిమిది సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర మధ్యవి. ఆ రోజుల్లో మే నెల, డాబాల మీద ఔట్‌డోర్ యూనిట్ల పక్కన పని, మధ్యాహ్నం తిండి మూడింటికో, అసలు లేకో. ఒక కార్డు మీద "బతుకు వేస్ట్" అని రాసి ఉంది. అది ఆకలి! రెండు ఇడ్లీలు తిని ఉంటే ఆ మాట రాసేవాణ్ణి కాదు.

1935లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టిన ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగుల్లో దీనికో నాలుగు ముక్కల పరీక్ష చెప్తారు: ఆకలా, కోపమా, ఒంటరితనమా, అలసటా? నేను ఆకలితోనే మొదలుపెడతాను, ఎందుకంటే దానికి మందు ముప్పై రూపాయలు. బ్యాగులో ఎప్పుడూ అరటిపళ్లు ఉంటాయి, మజ్జిగ ప్యాకెట్ కొంటాను. తినే విషయంలోనూ జాగ్రత్త ఉంది. వేరుశనగలు, మిరియాలు చల్లిన ఉడికిన గుడ్డు, మామిడికాయ ముక్క నాకు సైడ్ డిష్‌లు. ఏడాదిపాటు వాటిని ముట్టుకోలేదు. మిరియాల వాసనకే నోట్లో నీళ్లూరేవి, అవి గుడ్డు కోసం ఊరిన నీళ్లు కావు.

తమిళనాడులో టాస్మాక్ (ప్రభుత్వ మద్యం) షాపులు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 10 వరకు. తొమ్మిదిన్నరకి నాకు ఏ కారణమూ లేకుండా కంగారు పుట్టేది, ఏదో రైలు తప్పిపోతున్నట్టు. గాంధీ జయంతి ముందు రోజూ అంతే, రేపు మూసేస్తారని. దానికి పెద్ద చికిత్సేం లేదు. ఆ వేళకి లుంగీ కట్టుకుని, బండి తాళం మా ఆవిడకిచ్చి, గిన్నెలు తోమేవాణ్ణి. పది దాటాక కంగారు పోయేది.

ఇంట్లో అనుమానం

మానేశాక నేను ఎక్కువసార్లు తాగుడు అంచుకి పోయింది ఇంట్లోనే. పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే మా ఆవిడ మంచినీళ్లు ఇచ్చే వంకతో దగ్గరికొచ్చి నోటి వాసన చూసేది. నిజంగా తాగని రోజున అది చూస్తే, తాగకుండానే ఈ మాటపడితే తాగే పడొచ్చు కదా అనిపించేది. ఇది తప్పుడు లెక్కని నాకూ తెలుసు, అయినా ఆ క్షణంలో నూటికి నూరుపాళ్లు న్యాయంగా కనిపిస్తుంది.

మేము గొడవపడి, ఏడ్చి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. దొంగచాటు వాసన వద్దు. "ఏమండీ, ఈరోజు ఎలా ఉంది?" అని నేరుగా అడగాలి, నేను పదికి ఎంతో నిజం చెప్పాలి. ఆరు దాటితే ఆ రాత్రి బయటికి పోను. నేను అడిగింది ఇంకోటి కూడా ఉంది: పాత సంగతులు రాత్రి పూట ఎత్తొద్దు, ఆదివారం పొద్దున మాట్లాడుకుందాం. ఆమె పుస్తెలు తాకట్టు పెట్టిన సంగతి వినడానికి నాకు కాఫీ తాగి, కడుపు నిండి ఉండాలి. పదిహేనేళ్లు చేసిందానికి ఒక్క రాత్రిలో క్షమాపణ దొరకాలనుకోవడం నా అత్యాశ. అది కుదరనప్పుడు నా మీద నాకే పుట్టే అసహ్యం, అన్నిటికంటే ప్రమాదమైన గుంట.

ఇంట్లోవాళ్లకి ఒక మాట చెప్పాలి. తాగేవాళ్లకి తెలియకుండా అన్నంలో మాత్రలు కలపకండి. డైసల్ఫిరామ్ అనే మందు ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడ పుట్టి, బీపీ పడిపోతుంది, మనిషి పోవచ్చు కూడా. అది డాక్టర్ చెప్పి, ఆ మనిషి ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు. పైగా ఒకసారి ఆ సంగతి తెలిస్తే మళ్లీ మీ చేతి కూడు నమ్మి తినడు.

సంతోషం గురించి కూడా రెండు ముక్కలు. పాప ప్లస్ టూలో మంచి మార్కులు తెచ్చుకున్న రోజు నా గేజ్ తొమ్మిది చూపించింది. బాధ వస్తే కాచుకుని ఉంటాం, సంతోషానికి కాపలా ఉండదు. ఆ రోజు స్వీట్లు పంచే పని నెత్తినేసుకుని మూడు అంతస్తులు ఎక్కి దిగాను.

తడ స్టేషన్

1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు మా ఊళ్లోనూ ఆడవాళ్లు లేచారు, వాళ్లలో మా అమ్మ ఉంది. తర్వాత 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది. అమ్మ షాపు మూయించింది, నాయన రైలెక్కాడు. తడ దాటితే తమిళనాడు, మొదటి స్టేషన్ ఆరంబాక్కం. అక్కడ దిగి తాగి, సాయంత్రం బండికి వచ్చేవాడు.

నేను మానేసిన ఏడో నెలలో నాయన తద్దినానికి ఊరెళ్లాను. చేను పంపకాల మాట వచ్చి మా బావ "నీ వాటా అప్పుడే తాగేశావుగా" అన్నాడు. నిజమే అన్నాడు, అదీ బాధ. సూళ్లూరుపేట లోకల్లో తిరిగొస్తూ కిటికీ పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం తినలేదు, రాత్రి నిద్ర లేదు, పక్కన మాట్లాడే మనిషి లేడు, లోపల ఉక్రోషం. పరీక్షలో నాలుగింటికి నాలుగూ. తడలో దిగాను.

ఒక్కటి తాగాను. అక్కడ ఆపొచ్చు. కానీ తాగిన తర్వాత మనసు అనే మాట ఒకటుంది: మునిగినవాడికి చలేంటి? ఆ ఒక్క మాటతో నేను ఆరు రోజులు తాగాను. మొదటి గ్లాసు బావ మాట వల్ల. మిగతా ఆరు రోజులు ఏడు నెలలూ పోయాయన్న సిగ్గు వల్ల. మార్లట్ ఈ రెండో దాని గురించి కూడా రాశాడు, ఒకసారి జారడం కంటే జారాక మనల్ని మనం తిట్టుకోవడమే ఎక్కువ ముంచుతుందని. మా మీటింగులో లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి వేస్తారు. అది వాళ్ల పద్ధతి, తప్పనను. నేను మాత్రం ఇంట్లో క్యాలెండర్ మీద ఆ ఏడు నెలలు కూడా ఉంచుకున్నాను, అవి నేను కష్టపడి సంపాదించినవి.

మీరు జారితే, గ్లాసు కింద పెట్టిన గంటలోపే ఒకరికి చెప్పండి. పొద్దున చెప్దామనుకోవద్దు, పొద్దున సిగ్గు ఇంకా పెద్దదవుతుంది. చాలా రోజులు వరసగా తాగేసి ఉంటే మళ్లీ ఆసుపత్రి నుంచే మొదలు, పైన చెప్పిన వణుకు, ఫిట్సు ఈసారీ రావచ్చు. తేరుకున్నాక కార్డు రాయండి: టైము, ఎక్కడ, ఎవరు, ఏముంది. తడ కార్డు ఇప్పటికీ నా టూల్ బ్యాగులో ఉంది.

ఆ కార్డు చూసే ఈసారి సంక్రాంతికి ఏర్పాట్లు చేసుకున్నాను. ఊరికి ఒంటరిగా పోను, పాప వస్తుంది. రైలెక్కేముందు పెరుగన్నం. చేను మాట వస్తే "భోజనాలయ్యాక మాట్లాడదాం బావా" అని లేచి దొడ్లోకి పోతాను, మూడు నిమిషాలకి. కనుమ సాయంత్రం మాంసం ఉడికే వేళకి మా పెదనాన్న కొడుకులు వేపచెట్టు కింద చేరతారు, సీసాలు దిగుతాయి. అందుకని కనుమ మధ్యాహ్నానికే తిరుగు బస్సు టికెట్టు తీసేశాను, తడలో ఆగనిది. బావకి ఇంకా చెప్పలేదు.